మేత దొరికితేనే బతికే చేప

ఉప్పునీటి ట్యాంకులో పగడాలు పెంచేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఏంజెల్ చేప మీద మనసు పోతుంది. పెద్ద రకాలు కుదరవు. ఎంపరర్ ఏంజెల్ అడుగు దాటి పెరుగుతుంది, పగడాలను కొరికి పాడుచేస్తుంది. అందుకని చూపు పిగ్మీ ఏంజెళ్ల మీదికి మళ్లుతుంది. సెంట్రోపైగి అనే ప్రజాతికి చెందిన ఈ చేపలు చాలావరకు నాలుగంగుళాల దగ్గర ఆగిపోతాయి. ఎర్రటి ఫ్లేమ్ ఏంజెల్, ఊదా నారింజ కలిసిన కోరల్ బ్యూటీ, ఒళ్లంతా పసుపైన లెమన్‌పీల్ ఈ గుంపులోవే. వీటిలో కోరల్ బ్యూటీ కాస్త మొండిది, కొత్తవాళ్లు కూడా నెగ్గుకురావచ్చు. పెంచడం కష్టమనే ఆ చివరన ఉన్నది పాటర్స్ ఏంజెల్. నారింజ రంగు ఒంటి మీద నీలి బూడిద గీతలు వంకర వంకరగా నిలువునా దిగుతాయి. దీన్ని తెచ్చినవాళ్లు ఒకే మాట అడుగుతుంటారు: నీళ్ల పరీక్షలన్నీ సరిగానే వచ్చాయి, పగడాలు బాగున్నాయి, మిగతా చేపలు బాగున్నాయి, ఇదొక్కటే నాలుగు వారాలు తిరక్కుండా ఎందుకు పోయింది?

చాలాసార్లు ఆకలితో పోతుంది. రోగం అంటుకున్నా, తోటి చేపలు తరిమినా, కడుపు మాడి ఉన్న చేప కాబట్టి తట్టుకోలేకపోతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే ట్యాంకు ఎంత పాతదై ఉండాలి, ఏ చేప తరువాత దీన్ని వదలాలి, పగడాల జోలికి ఎందుకు వెళుతుంది అన్నవన్నీ వాటంతటవే విడిపోతాయి.

అది తినేదేమిటి?

పాటర్ హవాయి దీవుల చేప. అక్కడా, దగ్గర్లోని జాన్‌స్టన్ అటాల్‌లోనూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా స్థిరంగా లేదు. హొనలూలులోని వైకీకీ అక్వేరియం 1904లో తెరుచుకున్నప్పుడు దానికి మొదటి డైరెక్టర్ ఫ్రెడరిక్ పాటర్. 1912లో జోర్డాన్, మెట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ చేపను వర్ణించి ఆయన పేరు పెట్టారు. అక్కడి సముద్రంలో ఇది వేళ్లలా చీలిన పగడాల గుబుర్లలో, రాళ్ల సందుల్లో ఉంటుంది. ఆ రాళ్ల మీద పలచగా పెరిగే పీచు నాచును, దానిలో చిక్కుకున్న మడ్డిని, చిన్నాచితకా పురుగుల్ని గిల్లి తింటుంది. తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా మేస్తూనే ఉంటుంది. ఒక గిల్లు, ముందుకెళ్లి ఇంకో గిల్లు. అచ్చం మేకల మేత.

వేటాడే చేపల సంగతి వేరు. ఒక పెద్ద ముద్ద మింగితే రోజంతా, కొన్నయితే ఇంకా ఎక్కువ రోజులు గడుపుకుంటాయి. మేసే చేప తినేది బలం తక్కువ తిండి. అందుకే ఎక్కువసేపు తినాలి, పేగు ఖాళీగా ఉండకూడదు.

ఇప్పుడు ఈ చేప మన ఇంటికి వచ్చే దారి చూడండి. పట్టిన తరువాత కొన్ని రోజులు గోదాములో ఉంటుంది. విమానం ఎక్కించే ముందు కావాలనే పస్తు పెడతారు. సంచిలో మలం వేస్తే నీళ్లు పాడై చేప చచ్చిపోతుంది కాబట్టి అది తప్పనిసరి. ఆ పైన టోకు వ్యాపారి దగ్గర కొన్నాళ్లు, దుకాణంలో కొన్నాళ్లు. రెండు చోట్లా ట్యాంకులు తళతళలాడుతుంటాయి. మేయడానికి పాచి ఉండదు. పైనుంచి వేసే పొడి తిండి తిండేనని దానికి ఎవరూ చెప్పలేదు. దుకాణంలో మీకు రంగులతో మెరుస్తూ కనిపించే రోజుకే అది చాలా రోజులుగా అర్ధాకలిలో ఉండవచ్చు.

అందుకే కొనేముందు రంగు చూసి మురిసిపోకండి. ఎదురుగా వచ్చినప్పుడు తల వెనుక భాగం, పొట్ట చూడండి. తల వెనకాల కండ లోపలికి పోయి ఉన్నా, పొట్ట నొక్కుకుపోయి ఉన్నా వదిలేయండి. ఆ స్థితికి చేరిన చేప తిండి మొదలుపెట్టినా కోలుకోవడం కష్టం. ఊపిరి ఎగపోస్తోందా, ఒక మొప్పే కదులుతోందా, రాతికి ఒళ్లు రుద్దుకుంటోందా గమనించండి. అన్నిటికంటే ముఖ్యం, మీ కళ్ల ముందు తినిపించి చూపించమని అడగండి. చూపించడానికి ఇష్టపడని దుకాణంలో ఈ చేప కొనకూడదు. బాగుంటే డబ్బు కట్టి, ఇంకో వారం అక్కడే ఉంచమనండి. మంచి వ్యాపారి ఒప్పుకుంటాడు.

ట్యాంకు ఎంత పాతదై ఉండాలి?

ఏడాది అని నా లెక్క. ఆరు నెలలకు వదిలి నెగ్గినవాళ్లూ ఉన్నారు. నీళ్లలో అమోనియా, నైట్రైట్ సున్నాకు రావడానికి ఏడాది అక్కర్లేదు, నెలన్నరలో అయిపోతుంది. రాళ్ల మీద మేత పండడానికే ఏడాది. మొదటి నెలల్లో గోధుమరంగు డయాటమ్ పొర వస్తుంది, తరువాత పచ్చపాచి, ఆ తరువాత సన్నటి పీచు నాచు, దానిలో కంటికి ఆనని రొయ్య జాతి పురుగులు. ఈ వరస పూర్తయిన రాయి మీదే పాటర్ బతుకుతుంది.

ఈ మధ్య ఒక కొత్త చిక్కు వచ్చింది. జీవం పట్టిన లైవ్ రాక్ బదులు పొడి రాళ్లతో ట్యాంకు మొదలుపెట్టి, ఫాస్ఫేటు సున్నా చేసి, యూవీ దీపం పెట్టి, వారానికి రెండుసార్లు అద్దాలు గీకి, రాళ్లను టూత్‌బ్రష్‌తో తోమేవాళ్లు పెరిగారు. ఫొటోలకు ఆ ట్యాంకులు బాగుంటాయి. మేసే చేపకు మాత్రం అది ఎడారి. ఈ చేప కావాలనుకుంటే ముందు అద్దం మాత్రమే గీకండి, వెనక గోడ, పక్క గోడలు వదిలేయండి. నైట్రేటు, ఫాస్ఫేటు కొంచెం కనబడుతున్నా కంగారు పడకండి. ట్యాంకు కనీసం 250 లీటర్లు ఉండాలి. నాలుగంగుళాల చేపకు అంతెందుకంటే, ఈతకు కాదు, మేత విస్తీర్ణానికి. రాళ్ల మధ్య ఇటు దూరి అటు తేలే సందులు నాలుగైదు ఉండాలి. నక్కడానికి చోటున్నప్పుడే ఈ జాతి ధైర్యంగా బయటికొచ్చి తింటుంది, చోటు లేకపోతే మూల పట్టుకుని కూర్చుంటుంది.

సంచి నుంచి నీళ్లలోకి: నెమ్మదిగానా, త్వరగానా?

చుక్క చుక్కగా ట్యాంకు నీళ్లు సంచిలో కలుపుతూ రెండు మూడు గంటలు అలవాటు చేయాలని చాలామంది నమ్మకం. ఊళ్లోని దుకాణం నుంచి అరగంటలో తెచ్చిన చేపకైతే నష్టం లేదు. విమానంలో ఒక రోజు ప్రయాణం చేసి వచ్చిన చేపకు ఆ నెమ్మదే ప్రమాదం. ఎందుకో చెబుతాను.

మూసిన సంచిలో చేప ఊపిరి వదులుతుంది. కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో పేరుకుంటుంది, పీహెచ్ పడిపోతుంది. మొప్పల నుంచి అమోనియా కూడా వస్తుంది. అయితే పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అందులో దాదాపు అంతా అమోనియం రూపంలో ఉంటుంది, దానికి విషం తక్కువ. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అమోనియం మళ్లీ అమోనియాగా మారుతుంది. అది మొప్పల్ని కాలుస్తుంది. మీరు చుక్కలుగా కలిపే ట్యాంకు నీళ్లు పీహెచ్‌ను ఇంకాస్త పైకి లాగుతాయి. అంటే ప్రేమతో అలవాటు చేస్తున్నామనుకుంటున్నంతసేపూ విషంలో ఉంచుతున్నాం.

మరి ఎలా? సంచిని విప్పకుండా క్వారంటైన్ ట్యాంకులో (కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే తొట్టిలో) ఒక ఇరవై నిమిషాలు తేలనిచ్చి వేడి సమం చేయండి. విప్పి, రిఫ్రాక్టోమీటర్‌తో లవణత చూడండి. దుకాణాలు ఖర్చు తగ్గించుకోవడానికీ, పరాన్నజీవుల్ని అదుపులో పెట్టడానికీ నీళ్లు 1.018, 1.020 దగ్గర ఉంచుతుంటాయి. మన రీఫ్ ట్యాంకు 1.025, 1.026 దగ్గర ఉంటుంది. కాబట్టి ముందే ఫోన్ చేసి వాళ్ల లవణత కనుక్కుని క్వారంటైన్ నీళ్లు ఆ లెక్కకే కలిపి పెట్టుకోవాలి. అప్పుడు సంచి విప్పిన నిమిషాల్లో చేపను మార్చేయవచ్చు. సంచి నీళ్లు మాత్రం ట్యాంకులో పోయకూడదు. ఆ తరువాత రోజుకు 0.001 చొప్పున లవణత పెంచుకుంటూ పోతే సరిపోతుంది.

ఉప్పు పెంచేటప్పుడే ఇంత నెమ్మది ఎందుకంటే, సముద్రపు చేప ఒంట్లోని నీరు మొప్పల గుండా నిరంతరం బయటికి పోతుంటుంది. అది సముద్రపు నీళ్లు తాగుతూ, అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటికి నెడుతూ బతుకుతుంది. ఉన్నట్టుండి ఉప్పు పెరిగితే ఆ పని ఒక్కసారిగా ఎక్కువవుతుంది, అలసిన చేప చేయలేదు. తగ్గించడం దానికి అంత కష్టం కాదు.

ఇంకో చిన్న మాట. ఏంజెల్ చేపల చెంప దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు ఉంటుంది. సీతాకోకచిలుక చేపల నుంచి వీటిని వేరు చేసే గుర్తు అదే. వలతో పట్టారంటే ఆ ముల్లు వలలో ఇరుక్కుంటుంది, లాగితే చెంప చీలుతుంది. గిన్నెతోనో, ప్లాస్టిక్ డబ్బాతోనో పట్టండి.

క్వారంటైన్ చేస్తే సున్నితమైన చేప ఇంకా నలిగిపోదా?

ఈ వాదన తరచూ వింటుంటాం. పాటర్‌ను నేరుగా రీఫ్‌లోకి వదిలేస్తేనే బతుకుతుంది, అక్కడైతే మేత ఉంటుంది కదా అని. సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, దానితోపాటు వైట్ స్పాట్ అనే తెల్లమచ్చల పరాన్నజీవి కూడా రీఫ్‌లోకి వెళ్లిందంటే ఉన్న చేపలన్నీ ప్రమాదంలో పడతాయి. ఆ పరాన్నజీవికి మందు కాపర్. కాపర్ పగడాల్ని, నత్తల్ని, రొయ్యల్ని చంపుతుంది, రాళ్లలోకి ఇంకిపోతుంది. రీఫ్ ట్యాంకులో వాడే వీలే లేదు. అప్పుడు చేపలన్నిటినీ బయటికి తీసి, రీఫ్‌ను రెండున్నర నెలలు చేపలు లేకుండా ఖాళీగా ఉంచాలి. వైట్ స్పాట్ గుడ్డుతొడుగులాంటి దశలో రాళ్ల మీద అన్నాళ్లు పడి ఉండగలదు మరి.

కాబట్టి క్వారంటైన్ చేయాల్సిందే. దాన్నే మేత ఉన్న చోటుగా మార్చుకోవాలి. నెలా రెండు నెలల ముందు నుంచే చేపలు లేని ఒక తొట్టిలో నాలుగైదు చిన్న రాళ్లు ఎండలోనో, బలమైన దీపం కిందనో పెట్టి పాచి పట్టనివ్వండి. చేపను తెచ్చిన రోజున ఒక రాయి క్వారంటైన్‌లోకి వెళ్లాలి. అది నున్నబడగానే తీసి ఇంకొకటి పెట్టాలి. దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు చాలు. మొదటి రెండు రోజులు దీపం వేయకండి, మనుషులు తిరగడం దానికి కనబడకుండా ఒక పక్క కాగితం అంటించండి.

వైద్యం విషయంలో నా సలహా కాపర్‌తో మొదలుపెట్టవద్దని. పిగ్మీ ఏంజెళ్లు కాపర్‌ను బాగా తట్టుకోవు, ముందు తిండి మానేస్తాయి. వైట్ స్పాట్‌కు ట్యాంకు మార్పిడి పద్ధతి ఉంది. పరాన్నజీవి చేప ఒంటి నుంచి రాలి, అడుగున తొడుగు కట్టుకుని, పగిలి, పిల్లలు మళ్లీ చేపను పట్టేలోపు చేపను ఇంకో శుభ్రమైన తొట్టికి మార్చేయడం. మూడు రోజులకొకసారి, మొత్తం నాలుగు మార్పులు. మందు అక్కర్లేదు, రెండు తొట్లు ఉంటే చాలు. పాత తొట్టిని కడిగి పూర్తిగా ఎండబెట్టాలి. ఆ రోజుల్లో పాచి రాయి కూడా ప్రతి మార్పుకీ కొత్తదే కావాలి. మొప్పల పురుగులకు ప్రాజిక్వాంటెల్ వాడవచ్చు. వెల్వెట్ అనే జబ్బుకు మాత్రం ఈ మార్పిడి పనిచేయదు. ఒంటి మీద పసుపు పొడి చల్లినట్టు కనిపించి, చేప ఆయాసపడుతుంటే అది వెల్వెట్ కావచ్చు. దానికి సాధారణంగా వాడేది కాపరే, నెమ్మదిగా మోతాదు పెంచుతూ, రోజూ పరీక్ష చేసుకుంటూ.

తిండి అలవాటు చేయడం కూడా ఇక్కడే. రాయి మీద మేస్తుంటే పక్కనే గడ్డకట్టిన మైసిస్ రొయ్యలు కొద్దిగా కరిగించి వదలండి. బతికున్న ఆర్టీమియా చాలా చేపల మొండితనం విడిపిస్తుంది. పెంకు విప్పిన ఆల్చిప్పను అడుగున పెడితే గిల్లడం దాని స్వభావం కాబట్టి చాలాసార్లు వస్తుంది. సుషీకి వాడే నోరి ఆకు ఇప్పుడు హైదరాబాద్ సూపర్ మార్కెట్లలోనూ దొరుకుతోంది. ఉప్పు, నూనె, మసాలా లేనిది చూసి రాయికి రబ్బరు బ్యాండుతో కట్టండి. రోజుకు మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ చిటికెడు. తినకపోయిన తిండి గంటలో తీసేయాలి, లేకపోతే ఆ చిన్న తొట్టిలో అమోనియా లేస్తుంది. పైనుంచి వేసిన తిండిని సందేహం లేకుండా నోటితో అందుకునే రోజు వచ్చేదాకా, నాలుగు వారాలైనా ఆరైనా, క్వారంటైన్ నుంచి కదిలించకండి.

రీఫ్‌లో ఎవరి తరువాత?

మేసే చేపకు మేత స్థలమే ఆస్తి. సముద్రంలో ఒక మగ పాటర్ కొన్ని ఆడచేపలతో తన పరిధి కాపాడుకుంటుంది. అందుకే ట్యాంకులో ముందు చేరిన మేసే చేప తరువాత వచ్చినదాన్ని సహించదు. టాంగ్ చేపలు, డామ్సెల్ చేపలు, ఇంకో పిగ్మీ ఏంజెల్ ముందే ఉంటే పాటర్ బతుకు కష్టం. దానికి ముందు వెళ్లాల్సినవి గోబీలు, ఫైర్‌ఫిష్, కార్డినల్ చేపల వంటి మెతక జీవులు. టాంగ్ కావాలంటే పాటర్ కుదురుకున్నాక తెచ్చుకోండి.

ఇప్పటికే టాంగ్ ఉంటే? చిల్లులున్న అక్రిలిక్ పెట్టె ఒకటి లోపల తగిలించి, పాటర్‌ను అందులో నాలుగైదు రోజులు ఉంచండి. టాంగ్ వచ్చి పెట్టె మీద తోక ఝాడిస్తుంది, తిరుగుతుంది, ఒకనాటికి విసుగొచ్చి మానేస్తుంది. మానేశాకే వదలాలి. వదిలే రోజు రెండు మూడు రాళ్లు స్థానం మార్చండి, పాత హద్దులు చెరిగిపోతాయి. బయట అద్దానికి ఒక చిన్న దర్పణం ఆనిస్తే టాంగ్ తన ప్రతిబింబంతో పోట్లాడుతూ కొన్ని గంటలు గడిపేస్తుంది. దీపాలు ఆర్పాక వదలడం అందరికీ తెలిసిందే.

జతగా పెంచవచ్చా అని కూడా అడుగుతారు. ఈ జాతిలో అన్నీ ఆడవిగానే మొదలవుతాయి, గుంపులో పెద్దది మగదిగా మారుతుంది. కాబట్టి ఒక పెద్దది, ఒక బాగా చిన్నది ఒకేసారి వదిలితే అవకాశం ఉంది. ఒకే సైజువి రెండు వదిలితే పోరు తప్పదు. 400 లీటర్లకు తక్కువైతే ఆ ఆలోచనే వద్దు.

పగడాల్ని కొరుకుతుందా?

కొరకవచ్చు. ఈ ప్రశ్నకు హామీతో జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. పగడం మీది జిగురులో పోషకాలుంటాయి, పగడం మొదట్లో పీచు నాచు పెరుగుతుంది, మేస్తూ మేస్తూ నోరు అక్కడిదాకా వెళుతుంది. కండ ఎక్కువ ఉన్న స్కోలీమియా, ట్రాకీఫిలియా వంటివి, జోయాంథిడ్లు, పెద్ద ఆల్చిప్పల అంచులు ఎక్కువ నష్టపోతాయి. కొమ్మల పగడాలు కొన్ని రోజులు ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటాయి. ఒకే జాతిలో ఒక చేప ఏళ్ల తరబడి తాకదు, ఇంకొకటి మొదటి వారమే మొదలుపెడుతుంది. మేత నిండుగా ఉంటే తగ్గుతుంది, పూర్తిగా పోదు. నచ్చిన పగడం ఒకటి పోయినా తట్టుకోగలననుకుంటేనే ఈ చేప తెచ్చుకోవాలి.

మన దగ్గర పెంచాలంటే

హవాయి సముద్రం ఏడాది పొడుగునా 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ వేసవిలో నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా ట్యాంకు 30 దాటుతుంది. వేడి పెరిగేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చేపకు అవసరం పెరుగుతుంది. చిల్లర్, కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు లేకుండా మొదలుపెట్టవద్దు. విశాఖ, కాకినాడ వాళ్లకు బీచి నుంచి నీళ్లు తెచ్చుకుందామనిపిస్తుంది. వర్షాకాలం తరువాత నదుల నీరు కలిసి బంగాళాఖాతం పైపొర లవణత పడిపోతుంది, ఒడ్డున మురుగు, ఓడల నూనె సరేసరి. ఆర్ఓ నీళ్లలో సింథటిక్ ఉప్పు కలుపుకోవడమే నయం.

పగడాల మాట వచ్చింది కనుక చట్టం కూడా తెలుసుకోవాలి. మన సముద్రాల్లోని దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. మన్నార్ సింధుశాఖ నుంచో, లక్షద్వీప్, అండమాన్ల నుంచో తెచ్చామని ఎవరైనా రాతి పగడం అమ్మజూపితే అది నేరం, కొన్నవాళ్లకు కూడా. విదేశాల నుంచి వచ్చే రాతి పగడాలకు వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద పత్రాలు ఉండాలి. బిల్లు, పత్రాలు చూపించలేని దుకాణం నుంచి ఏమీ కొనకండి.

ఇక చేప ఎక్కడిది కొనాలి? హవాయి సుప్రీంకోర్టు 2017లో, పర్యావరణ సమీక్ష జరగకుండా అక్వేరియం చేపల వేటకు అనుమతులు ఇవ్వడం కుదరదని తేల్చింది. అప్పటి నుంచి సముద్రంలో పట్టిన పాటర్లు బాగా తగ్గిపోయాయి. మరోపక్క అదే హవాయిలో ఫ్రాంక్ బేన్ష్ 2000ల తొలి ఏళ్లలోనే పిగ్మీ ఏంజెళ్లను గుడ్డు నుంచి పెంచి చూపించాడు. అన్నాళ్లూ అది కుదరకపోవడానికి కారణం కూడా తిండే. గుడ్డు మిల్లీమీటరు కంటే చిన్నది, పిల్ల నోరు ఎంత చిన్నదంటే మామూలుగా చేపపిల్లలకు వేసే రోటిఫర్లు కూడా పట్టవు. కోపీపాడ్లు అనే చిన్న రొయ్య జాతి పురుగుల లార్వాలను పెంచడం నేర్చుకున్నాకే పిల్లలు బతికాయి. ఇప్పుడు కోరల్ బ్యూటీలు, పాటర్లు కూడా ట్యాంకుల్లో పుట్టినవి అమెరికా మార్కెట్‌లో దొరుకుతున్నాయి. చిన్నవిగా వస్తాయి, ధర ఎక్కువ. కానీ అవి పుట్టినప్పటి నుంచి మనిషి వేసిన తిండి తిన్న చేపలు, గుళికలు వేసినా అందుకుంటాయి. అమెరికాలో ఉండి పాటర్ కావాలనుకునేవాళ్లు అవే కొనండి. ఇక్కడ ఉన్నవాళ్లు, ట్యాంకుకు ఏడాది నిండాక, కోరల్ బ్యూటీతో మొదలుపెట్టండి.